"అది పుట్టుకతో రావాలండీ" అనే ముందు: జాజ్ వినే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

అమెరికాలో నల్లజాతి వాద్యకారుల మధ్య పుట్టిన జాజ్ సంగీతాన్ని ప్రేమించి వినే తెలుగు మిత్రులకు, ముఖ్యంగా హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ, బెంగళూరులోనూ, విదేశాల్లో మనవాళ్ళ ఇళ్ళలోనూ సెలవు రోజుల్లో కూడి, పాత రికార్డులు పెట్టుకొని పొద్దుపోయేదాకా వాదించుకునే వారికి నమస్కారం.

మన వాళ్ళలో జాజ్ వినేవారు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందీ ఊరికే వినరు. ఏ రికార్డింగులో బేస్ వాయించింది ఎవరో, ఏ ముద్రణలో శబ్దం శుభ్రంగా ఉంటుందో, ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో ఎవరు ఎప్పుడు చేరి ఎప్పుడు వెళ్ళిపోయారో మీకు కంఠతా వచ్చు. కర్ణాటక సంగీతం చెవిన పడుతూ పెరిగినవారు కావడం వల్ల అప్పటికప్పుడు కల్పించే మనోధర్మం అంటే ఏమిటో మీకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంత తెలిసిన మీ మధ్య ప్రతి చర్చా చివరికి ఒకే చోటికి వచ్చి ఆగిపోవడం మాత్రం నాకు వింతగా తోస్తున్నది. "ఇది నేర్చుకుంటే వచ్చేది కాదండీ, పుట్టుకతో రావాలి" అని ఒకరు అంటారు, మిగిలినవారు తలలూపుతారు, రికార్డు మారుతుంది. నా పేచీ అంతా ఆ మాటతోనే.

ప్రతిభ అనేదే లేదని వాదించడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. మనం ఇంతగా ఇష్టపడే రికార్డుల్లో వినిపిస్తున్నది ఏమిటో చెప్పడానికి ఆ మాట పనికిరాదని, పైగా ఆ మాట వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే మీలో చాలామంది దాన్ని అంత తేలికగా నోటికి రానివ్వరని మాత్రమే నా మనవి.

ఈ వాదానికి మనం మొదటి సాక్షిగా నిలబెట్టేది ఎప్పుడూ చార్లీ పార్కర్‌నే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1920లో కాన్సస్ రాష్ట్రపు కాన్సస్ సిటీలో పుట్టి, నదికి అవతలి ఒడ్డున మిస్సోరీ వైపున్న అదే పేరు గల నగరంలో పెరిగిన ఆ కుర్రవాడు, 1936లో రెనో క్లబ్బులో పెద్ద వాద్యకారుల సరసన నిలబడి ఆల్టో సాక్సోఫోన్ వాయించబోయి తడబడ్డాడు. కౌంట్ బేసీ బృందపు డ్రమ్మర్ జో జోన్స్ విసుగుపుట్టి ఒక సింబల్‌ను, అంటే డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్ళేన్ని, అతని కాళ్ళ దగ్గర పడేలా విసిరాడన్న కథ మీ అందరికీ తెలుసు. ఆ కథను మనం ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాము కానీ, ఆ తర్వాతి ఏడాది ఏం జరిగిందో చెప్పుకోము. 1937 వేసవిలో జార్జ్ లీ బృందంతో కలిసి ఓజార్క్ కొండల్లోని విడిది ఊళ్ళలో వాయించడానికి వెళ్ళిన పార్కర్, టెనర్ సాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ సోలోలు (ఒక్కరే కల్పిస్తూ వాయించే భాగాలు) ఉన్న రికార్డులను వెంట తీసుకెళ్ళి, ఒక్కొక్క స్వరాన్నీ పట్టుకొని వల్లెవేశాడు. 78 ఆర్‌పీఎం రికార్డు మీద అలా నేర్చుకోవడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి: ఒక చిన్న సంగతి కోసం ముల్లును ఎత్తి, మళ్ళీ అదే గాడి దగ్గర దించి, అది పట్టుబడేదాకా, ఆ చోట రికార్డు అరిగిపోయేదాకా అదే పని చేయడం. 1940 చివరలో విచిటాలోని ఒక రేడియో కేంద్రంలో జే మెక్‌షాన్ బృందంతో పార్కర్ వాయించిన "లేడీ బీ గుడ్" ఇప్పటికీ దొరుకుతుంది. అందులో లెస్టర్ యంగ్ నీడ స్పష్టంగా కనబడుతుంది. ఆ నీడలోంచి బయటికి వస్తున్న మరో మనిషి కూడా కనబడతాడు.

పాల్ డెస్మండ్ 1954లో రేడియో కోసం పార్కర్‌తో మాట్లాడినప్పుడు ఈ సంగతే వచ్చింది. మూడు నాలుగేళ్ళ పాటు రోజుకు కనీసం 11 నుంచి 15 గంటలు సాధన చేశానని, ఇరుగుపొరుగువారు విసిగిపోయి వేరే చోటికి వెళ్ళిపొమ్మని తన తల్లితో అనేదాకా వచ్చిందని పార్కర్ చెప్పారు. డెస్మండ్ మామూలు శ్రోత కాదు, తానే గొప్ప ఆల్టో వాద్యకారుడు. ఆయన కూడా, ఆ పనితనం మీకు పుట్టుకతోనే వచ్చిందనుకున్నాను, ఇది విన్నాక నాకు ధైర్యం వచ్చింది అనే అర్థం వచ్చేలా అన్నారు. పక్కనే కూర్చున్న తోటి వాద్యకారుడికే అలా అనిపించినప్పుడు మనకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆయన అడిగి తెలుసుకున్నారు, మనం అడగడం మానేశాము.

ఇప్పుడు 1945 నవంబరు 26కి రండి. సెవాయ్ కంపెనీ కోసం న్యూయార్కులో పార్కర్ "కో-కో" రికార్డు చేసిన రోజు అది. ఆ రచన కింద ఉన్నది "చెరొకీ" అనే పాట తాలూకు స్వరక్రమం, అంటే వరస కింద ఆధారంగా మోగే స్వరగుచ్ఛాల నడక. మొదటి టేక్‌లో, అంటే మొదటిసారి రికార్డు చేసినప్పుడు, ముందుగా అనుకున్న ఉపోద్ఘాతం వాయించి, అలవాటు కొద్దీ "చెరొకీ" అసలు వరసలోకి వెళ్ళిపోయారు. వెంటనే ఎవరో ఆపమని కేకవేయడం రికార్డులో వినబడుతుంది. రెండోసారి ఆ వరసను వదిలేసి నేరుగా సోలోలోకి దూకారు. మనం ఏడు లోకాలు దాటి వచ్చిన మెరుపుగా చెప్పుకునే సోలో అదే. కానీ "చెరొకీ" పార్కర్ ఆ రోజు కొత్తగా చూసిన పాట కాదు. ఏళ్ళ తరబడి రాత్రిపూట క్లబ్బుల్లో నలిపి నలిపి వాయించిన పాట. సోలో మధ్యలో న్యూ ఓర్లియన్స్ క్లారినెట్ వాద్యకారులు పరీక్షలాగా నేర్చుకునే "హై సొసైటీ" అనే పాత ముక్క కూడా ఒకటి చటుక్కున వచ్చిపోతుంది. కల్పనస్వరం వేసే విద్వాంసుడు ఎన్ని ముక్తాయింపులను ముందే చేతికి తెచ్చుకొని సభకు వస్తాడో మనకు తెలుసు. అంతమాత్రాన ఆ కల్పనను మనం తక్కువ చేయము. మరి పార్కర్ దగ్గరికి వచ్చేసరికి ఆ తయారీ కనబడకపోవడానికి కారణం ఏమిటి?

ఆ కారణం కొంత మనది కాదు, మనకు అంటుకున్నది. 1910లో న్యూయార్కులో నల్లజాతి వాద్యకారుల కోసం క్లెఫ్ క్లబ్ అనే సంఘాన్ని నిలబెట్టిన జేమ్స్ రీస్ యూరప్, 1912 మే 2న కార్నెగీ హాలులో వందమందికి పైగా వాద్యకారులతో కచేరీ చేసిన మనిషి. ఆయనతో కలిసి పనిచేసిన పియానో విద్వాంసుడు యూబీ బ్లేక్ తర్వాతి కాలంలో ఒక సంగతి చెప్పారు. ధనికులైన తెల్లవారి విందుల్లో వాయించడానికి వెళ్ళేటప్పుడు, స్వరలిపిని తడుముకోకుండా చదవగలిగిన ఆ బృందంవారు కొత్త పాటలన్నిటినీ ముందే కంఠస్థం చేసుకొని, కాగితాలు లేకుండా వెళ్ళేవారట. నల్లవారికి స్వరలిపి రాదని, సంగీతం వారి రక్తంలోనే ఉందని నమ్మడం ఆ విందులకు వచ్చేవారికి ఇష్టం. ఆ నమ్మకం చెదిరితే పని పోయే ప్రమాదం ఉంది. అంటే, చదువు వచ్చినవారు చదువు రానట్టు నటించడానికి అదనంగా మరింత సాధన చేయవలసి వచ్చింది. పుట్టుకతో వచ్చిందన్న పొగడ్త వెనుక ఉన్న బేరం ఇది: మీ కళను మెచ్చుకుంటాము, మీ చదువును మాత్రం ఒప్పుకోము.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జేమ్స్ రీస్ యూరప్ తన సైనిక బృందంతో ఫ్రాన్సుకు వెళ్ళినప్పుడు మరో రకం అనుభవం ఎదురైంది. ఆ శబ్దాలు మామూలు వాద్యాలలోంచి రావడం అసాధ్యమనిపించి, అక్కడి ప్రసిద్ధ సైనిక వాద్యబృందం వారు వీరి వాద్యాలలో ఏదో కిటుకు ఉందేమోనని పరీక్షించి చూశారని ఆయనే చెప్పుకున్నారు. కిటుకు వాద్యంలో లేదని తేలాక, అది మనిషి పుట్టుకలో ఉందనుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫ్రాన్సులో జాజ్‌ను అందరికన్నా ముందు నెత్తికెత్తుకున్న విమర్శకుల్లో ఒకరైన హ్యూగ్ పనాసియే, ఆదిమ మానవుడికి నాగరికుడి కన్నా ప్రతిభ ఎక్కువని, చదువు మితిమీరితే స్ఫూర్తి ఎండిపోతుందని 1940లలో వచ్చిన తన పుస్తకంలో నిస్సంకోచంగా రాశారు. ఆయన జాజ్‌కు శత్రువు కాదు, వీరాభిమాని. అందుకే ఈ ఉదాహరణ మనకు పనికివస్తుంది. అభిమానంతో అన్నంత మాత్రాన మాట మంచిదైపోదు. అందులోనూ పుట్టుకను బట్టి ఎవరికి ఏ విద్య తగునో నిర్ణయించే అలవాటు మన గడ్డ మీద ఎంత కాలం సాగిందో తెలిసిన మనం, ఈ మాట దగ్గర మరి కొంచెం జాగ్రత్తగా ఉండవలసిన వాళ్ళం.

ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలోనూ ఇంతే. వీధుల్లో పెరిగిన పిల్లవాడు, ఊదితే బంగారం వచ్చింది అనే కథ మనకు సుఖంగా ఉంటుంది. అనాథ బాలల వసతిగృహంలో పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు పాఠం చెప్పడం, కార్నెట్ వాద్యకారుడు కింగ్ ఆలివర్ చేరదీయడం, మిసిసిపీ నది మీద నడిచే పడవల్లో ఫేట్ మారబుల్ బృందంలో స్వరలిపి చదవడంలో ఆయన చేయి తిరగడం, ఇవన్నీ ఆ కథలో వినబడవు. 1926 ఫిబ్రవరిలో ఆయన రికార్డు చేసిన "కార్నెట్ చాప్ సూయీ" అప్పటికప్పుడు పుట్టిన చమత్కారంగా చాలాకాలం పేరు పొందింది. దాని స్వరలిపిని ఆయన 1924 జనవరిలోనే స్వహస్తాలతో రాసి కాపీరైటు కోసం దాఖలు చేశారు. రికార్డులో తాళం ఆగి ఆగి నడిచే చోట ఆయన వాయించిన ముక్క చాలావరకు ఆ కాగితం మీద ముందే ఉంది. రెండేళ్ళ పాటు మనసులో పెట్టుకొని మెరుగుపెట్టిన వస్తువును విని మనం "అప్పటికప్పుడు వచ్చేసింది" అంటున్నాము. ఆర్మ్‌స్ట్రాంగ్ గొప్పతనం దీనివల్ల తగ్గిందని ఎవరైనా అనుకుంటే వారితో నేను వాదించను. నాకు మాత్రం ఆ కాగితం సంగతి తెలిశాక ఆ రికార్డు మీద గౌరవం రెట్టింపైంది.

బడుల సంగతి కూడా చెప్పాలి. షికాగోలోని డుసాబల్ హైస్కూలులో వాల్టర్ డయెట్ అనే ఉపాధ్యాయుడి చేతి కింద జీన్ అమ్మన్స్, జానీ గ్రిఫిన్, వాన్ ఫ్రీమన్, డైనా వాషింగ్టన్ తయారయ్యారు. డెట్రాయిట్ కాస్ టెక్ హైస్కూలు నుంచి పాల్ చేంబర్స్, రాన్ కార్టర్, డొనాల్డ్ బర్డ్ వచ్చారు. ఒకే పట్టణంలో, ఒకే తరంలో, ఒకే బడిలో ఇంతమంది "పుట్టు ప్రతిభావంతులు" పుట్టడం ఎలా సాధ్యమో ఆలోచించండి. ఒక మంచి పంతులు, పిల్లలకు అరువిచ్చే వాద్యాలు, సాయంత్రం వాయించి నాలుగు డబ్బులు సంపాదించుకోగల చోటు ఉన్న ప్రతి ఊళ్ళోనూ ప్రతిభ పుట్టింది. అవి లేని ఊళ్ళలో పుట్టిన ప్రతిభ ఏమైపోయిందో చెప్పే రికార్డు మన దగ్గర లేదు.

ఇప్పుడు, ఈ లేఖ రాయడానికి నన్ను పురికొల్పిన చిన్న సంఘటన ఒకటి చెబుతాను. ఒక మిత్రుడి ఇంట్లో సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ "జెయింట్ స్టెప్స్" పెట్టారు. ఆ ఇంటి పిల్లవాడు, కీబోర్డు నేర్చుకుంటున్నవాడు, వచ్చి కింద కూర్చొని విన్నాడు. పాట అయిపోగానే "తర్వాతి స్వరం ఏది వాయించాలో ఆయనకు అంత తొందరగా ఎలా తెలుస్తుంది అంకుల్?" అని అడిగాడు. మాలో పెద్దాయన ఒకరు "అది భగవంతుడు ఇచ్చేది నాన్నా, మనకు రాదు" అన్నారు. పిల్లవాడు బుద్ధిగా తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబును ఆ పిల్లవాడి కీబోర్డు మీదే చూపించవచ్చు కూడా.

"జెయింట్ స్టెప్స్" 16 బార్‌ల (నాలుగేసి బీట్‌ల ఆవర్తాల) చిన్న రచన. ఒక స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలను మూడు సమాన భాగాలు చేస్తే మూడు చోట్లు వస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం. ఆ మూడింటినీ మూడు ఆధార షడ్జమాలుగా చేసుకొని, ఒక దాని నుంచి మరొక దానికి రచన గంతులు వేస్తూ ఉంటుంది. చాలా చోట్ల రెండు బీట్‌లకొకసారి కార్డ్, అంటే ఆధారంగా మోగే స్వరగుచ్ఛం, మారిపోతుంది. వేగం నిమిషానికి సుమారు 290 బీట్‌లు. కచేరీలో గ్రహభేదం చేసే విద్వాంసుడు ఒక్కసారి షడ్జమం మార్చి తిరిగి వస్తేనే మనం చప్పట్లు కొడతాము. ఇక్కడ అది ఊపిరి తీసుకునే లోపు ఎన్నోసార్లు జరుగుతుంది. ఇంత వేగంలో కోల్ట్రేన్ ఏం చేశారు? సోలో పొడవునా ఎక్కడ చూసినా నాలుగు స్వరాల ఒక చిన్న అల్లిక కనబడుతుంది. మన భాషలో అది మోహనంలోని స రి గ ప. షడ్జమం మారిన ప్రతిచోటా, ఆ కొత్త షడ్జమం మీద మళ్ళీ స రి గ ప. కొన్నిసార్లు తిరగేసి, కొన్నిసార్లు మరో అల్లికతో ముడివేసి. మూడు షడ్జమాల మీద స రి గ ప నెమ్మదిగా వాయించడం ఏ పిల్లవాడికైనా ఒక గంటలో చూపించవచ్చు. దాన్ని ఆ వేగంలో, ఆ నాదంతో, ఒక ఉద్వేగంగా మార్చడానికి ఎన్నేళ్ళు పడుతుందన్నది తర్వాతి మాట. అయితే అది ఏళ్ళ లెక్క. దాన్ని మంత్రంగా మార్చి పిల్లవాడి ముందు తలుపు వేయనక్కరలేదు.

ఆ ఏళ్ళ లెక్కకు సాక్ష్యం కూడా ఉంది. 1946 జులైలో, నౌకాదళంలో ఉండగా, హవాయిలో తోటి వాద్యకారులతో కలిసి కోల్ట్రేన్ వాయించిన కొన్ని పాటలు రికార్డయ్యాయి. అప్పటికి ఆయన వయసు 19, చేతిలో ఆల్టో సాక్సోఫోన్, మనసులో చార్లీ పార్కర్. పేరు చెప్పకుండా ఆ రికార్డు వినిపిస్తే ఇతను పుట్టు మేధావి అని మీలో ఒక్కరు కూడా అనరని నేను పందెం కాస్తాను. శ్రద్ధగా నేర్చుకుంటున్న, ఇంకా తడబడుతున్న ఒక కుర్రవాడు వినబడతాడు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలోని గ్రానాఫ్ స్టూడియోలో డెనిస్ శాండోల్ దగ్గర స్వరశాస్త్రం నేర్చుకోవడం, స్లోనిమ్‌స్కీ సంకలనం చేసిన మేళాల పుస్తకం ముందు పెట్టుకొని సాధన చేయడం, 1957లో మాదకద్రవ్యాలను వదిలించుకోవడం, ఆ ఏడాదే పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ పక్కన ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి వాయించడం జరిగాయి. 1946కూ 1959కీ మధ్య ఉన్న పదమూడేళ్ళలో ఆయన పుట్టుక మారలేదు కదా.

1959 నాటి "జెయింట్ స్టెప్స్" రికార్డులో పియానో వాయించినది టామీ ఫ్లానగన్. మన చర్చల్లో ఆయన పేరు ఎప్పుడూ కొంచెం జాలితో వస్తుంది. పియానో సోలో వంతు వచ్చినప్పుడు ఆయన ఒక వరస మొదలుపెడతారు, అది మధ్యలో తెగుతుంది, మళ్ళీ అందుకోబోతారు, చివరికి విడివిడి కార్డ్‌లు మాత్రం వేస్తూ కోల్ట్రేన్‌కు దారి వదిలేస్తారు. "చూశారా, అదీ పుట్టు ప్రతిభకూ మామూలు ప్రతిభకూ తేడా" అని దీన్ని ఉదాహరణగా చూపడం నేను చాలాచోట్ల విన్నాను. నా దృష్టిలో ఇంత అన్యాయమైన తీర్పు మరొకటి లేదు. కోల్ట్రేన్ ఆ స్వరక్రమంతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 1న సీడర్ వాల్టన్ పియానోతో దాన్ని ఒకసారి రికార్డు కూడా చేసి పక్కన పెట్టారు. ఆ ఏప్రిల్ టేక్‌లలో వాల్టన్ సోలో జోలికే పోలేదు. ఫ్లానగన్ మే నెలలో, అంత వేగాన్ని ఎదురుచూడకుండా, స్టూడియోలోకి వచ్చారు. మనం వింటున్న తేడా ఇద్దరి పుట్టుకల మధ్య తేడా కాదు, ఇద్దరికి దొరికిన వ్యవధుల మధ్య తేడా. కావాలంటే 1982లో ఫ్లానగన్ కోల్ట్రేన్ రచనలతో చేసిన ఆల్బమ్ తెచ్చుకొని, అందులో అదే "జెయింట్ స్టెప్స్" వినండి. అవే చేతులు, అదే చెవి. ఈసారి ఆ దారి ఆయనకు తెలుసు.

మైల్స్ డేవిస్ ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ" గురించి ఒక్క మాట. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్కులో కొలంబియా వారి స్టూడియోలో రెండు విడతలుగా తయారైన ఆ రికార్డు రిహార్సల్ లేకుండా, మొదటి ప్రయత్నంలోనే, గాలిలోంచి దిగివచ్చిందన్న కథ మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. అందులోని "ఫ్లమెంకో స్కెచెస్" ఆరో టేక్‌గానీ కుదరలేదు. మొదటి టేక్ కూడా పూర్తిగా దొరుకుతున్నది, పక్కపక్కన పెట్టుకొని వినవచ్చు. దాని ఆరంభంలో వచ్చే, రెండు కార్డ్‌ల మధ్య ఊగిసలాట, అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ అంతకు కొద్ది నెలల ముందే తన "పీస్ పీస్"లో వాయించి పెట్టుకున్నది. మరో తమాషా ఉంది. మొదటి విడతలో రికార్డు చేసిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల, ఎల్‌పీ మొదటి పక్కనున్న మూడు పాటలూ అసలు శ్రుతి కన్నా రవ్వంత పైకి మోగాయి. 1992లో వచ్చిన ముద్రణలోగానీ అది సరిదిద్దబడలేదు. ఆ పాత ఎల్‌పీలోని మెరుపు మైల్స్ ఊపిరిలోనే ఉందని ఒక మిత్రుడు ఎంతో అందంగా వర్ణించగా విన్నాను. అందులో కొంత వాటా మోటారుది.

మీ ఎదురు వాదం నాకు తెలుసు. పియానో వాద్యకారుడు ఎరోల్ గార్నర్ మాటేమిటి అంటారు. పిట్స్‌బర్గ్‌లో 1921లో పుట్టిన గార్నర్ జీవితమంతా స్వరలిపి చదవడం నేర్చుకోలేదు. ఏడేళ్ళ వయసుకే రేడియోలో వాయించాడు. గిటార్ వాద్యకారుడు వెస్ మాంట్‌గొమరీకి కూడా చదవడం రాదు. దాదాపు చూపులేని పియానో వాద్యకారుడు ఆర్ట్ టేటమ్ చేతుల వేగాన్ని ఏ గురువు ఇచ్చాడంటారు. డ్రమ్మర్ బడ్డీ రిచ్ తాను సాధనే చేయనని చెప్పుకున్నాడంటారు. ఇవి బలమైన ఉదాహరణలే, వీటిని దాటవేయను. కొందరి చెవి పుట్టుకతోనే సూక్ష్మమైనదన్నది నిజం. టేటమ్ చెవి అలాంటిది. కానీ టేటమ్ టొలీడోలో ఓవర్టన్ రైనీ దగ్గర పాఠం చెప్పించుకున్నారు, పియానో రోల్‌లు (పియానోను దానంతటదే మోగించే చిల్లుల కాగితపు చుట్టలు) విని విని నేర్చుకున్నారు. మాంట్‌గొమరీ తోటి గిటార్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ సోలోలను రికార్డుల మీద విని స్వరం స్వరం అప్పజెప్పుకున్నారు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంట్లో సాధన, నిద్రపోయేవారికి ఇబ్బంది కలగకుండా పిక్ (తీగ మీటే చిన్న పలక) వదిలేసి బొటనవేలితో మీటడం. మనం ఆయన "సహజ నాదం" అని పిలిచే ఆ మెత్తదనం ఇరుగింటివారి నిద్ర కోసం పుట్టినది. బడ్డీ రిచ్ పద్దెనిమిది నెలల పసివాడిగా వేదిక ఎక్కించబడినవాడు. రోజూ ప్రేక్షకుల ముందు వాయించినవాడికి విడిగా సాధన అవసరం లేకపోవడంలో వింతేమీ లేదు. ఇక గార్నర్ ఇంట్లో అన్న లింటన్, తోబుట్టువులు పియానో పాఠాలు నేర్చుకుంటుంటే విని పెరిగాడు. లిపి చదవకపోవడం వేరు, నేర్చుకోకపోవడం వేరు. ఈ సంగతి మనకు తెలిసినంతగా పాశ్చాత్యులకు తెలియదు: కరవది షేక్ చినమౌలానా నాదస్వరం పుస్తకం చూసి నేర్చుకోలేదు, అంతమాత్రాన ఆయనకు చదువు లేదని మనం అనము. మంచి విత్తనం లేనిదే పంట రాదన్నది నిజమే. అయితే కోత రోజున గట్టు మీద నిలబడి విత్తనాన్ని మాత్రమే పొగిడే రైతును నేను ఎక్కడా చూడలేదు.

మన పక్క ఉదాహరణ కావాలంటే మాండలిన్ శ్రీనివాస్ ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, ఆ తర్వాత గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి "రిమెంబర్ శక్తి" బృందంలో లోకమంతా తిరిగిన ఆయన గురించి "దైవాంశ" తప్ప మరో మాట మన నోట రాదు. ఆయన తండ్రి సత్యనారాయణ ఇంట్లో మాండలిన్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ గమకాన్ని తీగ మీద తానే వెతుక్కునేవాడు. ఏ మెట్టు మీద ఏ వేలు, ఎంత లాగాలి అన్నది చెప్పేవారు లేరు కాబట్టి, ప్రతి సంగతికీ దారి తానే కనిపెట్టుకోవలసి వచ్చింది. మాండలిన్ మీద అంతకు ముందు లేని బాణీ ఒకటి పుట్టిన చోటు అది. రోజూ కూర్చొని పాడిన ఆ గురువుగారి గొంతు లేకుండా ఆ చోటు ఉండేది కాదు. దైవాంశ అన్నప్పుడల్లా మనం సుబ్బరాజుగారిని కథలోంచి తీసేస్తున్నాము.

సాక్సోఫోన్ వాద్యకారుడు సానీ రోలిన్స్ విషయం మీకు కొత్త కాదు. 1959 నాటికే పేరు మోసిన వాద్యకారుడై ఉండి, తన వాద్యం తనకు తృప్తినివ్వక, కచేరీలు మానేసి 1961 దాకా న్యూయార్కులోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీద ఒంటరిగా సాధన చేశారు. తిరిగివచ్చి 1962లో విడుదల చేసిన ఆల్బమ్ పేరు "ద బ్రిడ్జ్". ఆ ఆల్బమ్ పెట్టినప్పుడు మనం వంతెనను ఒక భావుకమైన దృశ్యంగా చెప్పుకుంటాము. అపార్ట్‌మెంటులో వాయిస్తే పొరుగువారికి ఇబ్బంది, అందుకని వంతెన; అంతే సంగతి.

కాబట్టి మీ అందరికీ నా విన్నపం ఇది. రాబోయే కూటాల్లో ప్రసిద్ధమైన టేక్ ఒక్కటే పెట్టకండి. దాని పక్కన ఆగిపోయిన టేక్, పక్కన పెట్టిన టేక్, నేర్చుకుంటున్న నాటి రికార్డు కూడా పెట్టండి. ఇవన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి, ఎవరూ విదేశాల నుంచి పెట్టెలు తెప్పించనక్కరలేదు. నేను సూచించే వరస: ముందు 1940 నాటి "లేడీ బీ గుడ్", ఆ తర్వాత "కో-కో" ఆగిపోయిన టేక్, పూర్తయిన టేక్, విరామం తర్వాత 1946 నాటి కోల్ట్రేన్, 1959 ఏప్రిల్ నాటి "జెయింట్ స్టెప్స్", మే నెల నాటిది, చివరగా 1982 నాటి ఫ్లానగన్. వీటి మధ్య మాట్లాడేటప్పుడు ఈ మనిషి ఎవరి దగ్గర ఏం పట్టుకున్నాడు, ఎక్కడ వదిలేశాడు, ఏది ముందే చేతిలో ఉంది, ఏది అప్పుడే దొరికింది అన్న ప్రశ్నలకే కట్టుబడి చూడండి. వినడానికి వచ్చిన పిల్లలు అడిగేవాటికి మనలో ఎవరికి తెలిస్తే వారు వాద్యం మీద చూపించి జవాబు చెప్పాలి. తెలియకపోతే తర్వాతి కూటానికి తెలుసుకొని రావాలి.

గార్నర్ విషయంలో నా జవాబు చాలదని మీలో కొందరు తప్పక అంటారు. 1955 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో, శ్రుతి సరిగాలేని పియానో మీద ఆయన వాయించిన "కాన్సర్ట్ బై ద సీ" పూర్తి కచేరీ 2015లో విడుదలైంది. దాన్ని ఆ రోజు చివర్లో పెట్టండి. ఒక్కొక్క పాటకు ముందు ఆయన వాయించే పొడవైన ఉపోద్ఘాతంలో, వచ్చేది ఏ పాటో పక్కనున్న బేస్, డ్రమ్స్ వారికి కూడా అంతుపట్టనివ్వకుండా ఎలా ఆడుకుంటారో విని, అందులో ఎంత పుట్టుక, ఎంత నేర్పు అన్నది పాట వారీగా వాదించండి. ఆ వాదానికి నేనూ వస్తాను.

ఇట్లు,
మీతో కలిసి వినే ఒక శ్రోత